బేస్‌మెంట్‌లో పిల్లలు తాగితే కేసు మన మీదేనా? (గ్రాడ్ పార్టీ గురించి)

నేపర్విల్_లక్ష్మి
అందరికీ నమస్కారం అండీ. మేముండేది నేపర్విల్, ఇల్లినాయ్. మా బాబుది ఈ మేలో హైస్కూల్ అయిపోతోంది, ఇంట్లోనే గ్రాడ్ పార్టీ పెడదామనుకుంటున్నాం. పెద్దవాళ్ళు పైన, పిల్లలు బేస్‌మెంట్‌లో, మామూలే కదా. గొడవ ఎక్కడొచ్చిందంటే వాడి ఫ్రెండ్స్ పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో ఒకావిడ, ఎలాగూ ఎక్కడో అక్కడ తాగుతారు, పార్కింగ్ లాట్లో తాగేకంటే మన కళ్ళముందు తాగితే నయం, రాగానే కార్ తాళాలు తీసేసుకుందాం, రాత్రికి అందరూ అక్కడే పడుకుంటారు అని పెట్టింది, దానికి చకచకా థమ్సప్‌లు పడిపోయాయి. మా ఆయనేమో "మనం పొయ్యట్లేదుగా, వాళ్ళు తెచ్చుకుంటే మనకేంటి" అంటారు. నాకు మాత్రం మనసు ఒప్పుకోవట్లేదు. ఇక్కడ చట్టం ఏమంటుందో తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్. పిల్లల పెంపకం మీద క్లాసులు మాత్రం వద్దు, అవి మా అత్తగారు చూసుకుంటారు.

డల్లాస్_బాబాయ్
అమ్మా మరీ అంత భయపడకు. మా టెక్సాస్‌లో అయితే పేరెంట్ పక్కన కూర్చుంటే రెస్టారెంట్లో కూడా పిల్లాడు బీరు తాగొచ్చు, చట్టంలోనే ఉంది. కళ్ళముందు తాగితే తప్పేంటి? 18కి ఓటు వేయొచ్చు, ఆర్మీలో చేరి తుపాకీ పట్టొచ్చు, బీరు మాత్రం ముట్టుకోకూడదా, ఇదెక్కడి న్యాయం.

ఎడిసన్_రావు
బాబాయ్ గారూ సగమే చెప్పారు మీరు. టెక్సాస్‌లో ఆ వెసులుబాటు సొంత పిల్లలకి, అది కూడా తల్లో తండ్రో గార్డియనో ఎదురుగా కనపడుతూ ఉంటేనే. పక్కింటి పిల్లాడికి మీరు గ్లాసు అందిస్తే అది క్లాస్ ఏ మిస్‌డిమీనర్, అంటే చిన్న తరహా నేరం, ఏడాది దాకా జైలు, 4,000 డాలర్ల దాకా ఫైన్. పైగా 18 నిండని పిల్లాడికి మీరు తెలిసి పోసి, వాడు ఆ మత్తులో ఎవరినైనా గుద్దితే నష్టపరిహారం దావా మీ మీద వేయొచ్చని 2005లో ఇంకో క్లాజు కూడా కలిపారు. మీ పిల్లాడికి ఉన్న మినహాయింపు పక్కోళ్ళ పిల్లాడికి ఉందనుకోవడం దగ్గరే మనవాళ్ళందరూ దెబ్బతింటున్నారు.

ఇక మందుకి 21 ఏళ్ళు నిండాలన్న సంగతంటారా, 1984లో ఫెడరల్ గవర్నమెంటు ఆ వయసు పెట్టని రాష్ట్రాలకి హైవే నిధుల్లో కోత పెడతామని చట్టం చేసింది. సౌత్ డకోటా సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1987లో ఓడిపోయింది, 1988కల్లా వయోమింగ్ కూడా దారికొచ్చింది. న్యాయమా కాదా అని మీరూ నేనూ కొట్టుకుంటే ఏం లాభం.

వరంగల్_టు_అరోరా
లక్ష్మక్కా, నేను మీ పక్క ఊర్లనే ఉంట. మీ సార్ చెప్పిన "మనం పొయ్యట్లేదుగా" అన్న మాట ఇల్లినాయ్‌ల అస్సలు నడవదు. 2013 జనవరి ఒకటి నుంచి చట్టం గట్టిగ చేసిండ్రు. పిల్లల ఫ్రెండ్స్ మీ ఇంట్ల తాగుతున్నరని మీకు తెల్సి ఊకున్నరంటే చాలు, సీసా ఎవరు తెచ్చిండ్రు ఎవరు పోసిండ్రు అనేది లెక్కల్లకే రాదు. ఇల్లే కాదు, మీ చేతుల ఉన్న వేరే జాగ, మీ బండి, పడవ ఉంటే పడవ, అన్నీ కల్పిండ్రు. క్లాస్ ఏ మిస్‌డిమీనర్, ఫైన్ 500 డాలర్లకు తక్కువ ఉండదు, 2,500 దాక పోవచ్చు, ఏడాదిలోపు జైలు కూడ రాసి ఉంది. ఆ తాగుడు వల్ల ఎవరికన్న పెద్ద దెబ్బ తగిల్నా, పానం పోయినా అది క్లాస్ 4 ఫెలనీ, అంటే పెద్ద నేరం అయితది, ఒకటి నుంచి మూడేండ్లు.

తాళాలు గుంజుకున్నా, రాత్రికి పండవెట్టినా కేసు కేసే. మెట్ల మీదికెళ్ళి పడి తల పగిలినా అంతే గద, కారే ఎక్కాల్నని ఏముంది.

ఒక్క దారి మాత్రం ఉన్నది. మీరు చేసేదంత చేసినా పిల్లలు ఇనకపోతే, మీరే పోలీసులకు ఫోన్ చేసి ఆపమని అడిగితే మీ మీద తప్పు రాదు, కాని వేరేటోళ్ళు కంప్లైంట్ ఇయ్యకముందే చెయ్యాలె. పక్కింటోళ్ళు ఫోన్ చేసినంక మీరు చేస్తే లాభం లేదు.

నేపర్విల్_లక్ష్మి
థాంక్స్ తమ్ముడూ, ఇది మా ఆయనకి చదివి వినిపించాను. "తెలిసి ఊరుకుంటే కదా, మనం కిందకి దిగకపోతే మనకి తెలియనట్టే" అంటున్నారు 🙂 ఏం చెప్పాలి ఈయనకి?

వరంగల్_టు_అరోరా
అక్కా ఆ వాట్సాప్ గ్రూపుల "కళ్ళముందు తాగితే నయం" అని మెసేజ్ ఉంది, మీ ఇంటి అడ్రస్ ఉంది, మీరు చదివినట్టు బ్లూ టిక్ ఉంది. తెల్వదని జడ్జి ముంగట ఎట్ల చెప్తరు సార్?

బోస్టన్_సుధ
ఈ "వాళ్ళే తెచ్చుకున్నారు" వాదన మా మసాచుసెట్స్‌లో సుప్రీం జ్యుడీషియల్ కోర్టు దాకా వెళ్ళింది, 2012లో. జూలియానో వర్సెస్ సింప్సన్ అని వెతకండి. అతిథులు ఎవరి మందు వాళ్ళు తెచ్చుకుంటే, ఇంట్లో హోస్ట్ పోయకపోతే, సివిల్‌గా నష్టపరిహారం ఇవ్వక్కర్లేదని తీర్పు. లక్ష్మి గారి ఆయన ఇది చదివితే పండగ చేసుకుంటారు, కానీ ఆగండి. అదే రాష్ట్రంలో 2000 నుంచి సోషల్ హోస్ట్ క్రిమినల్ చట్టం వేరే ఉంది, అందులో మీ ఇంట్లో పిల్లల్ని తాగనిచ్చినా తప్పే, 2,000 డాలర్ల దాకా ఫైన్ లేదా ఏడాది దాకా జైలు లేదా రెండూ. అంటే డబ్బు కేసులో బయటపడ్డవాళ్ళు కూడా పోలీసు కేసులో ఇరుక్కోవచ్చు. మనవాళ్ళు ఈ రెండూ కలిపేసి ఎవరో ఎక్కడో గెలిచారట అని చెప్పుకుంటూ ఉంటారు.

రాక్‌విల్_వెంకట్
మా మోంట్‌గోమరీ కౌంటీలో (మేరీలాండ్) 2015 జూన్‌లో జరిగింది ఇక్కడ ఎవరినడిగినా చెప్తారు. హైస్కూల్ అయిపోయిన పిల్లలు ఒక ఇంట్లో పార్టీ చేసుకున్నారు, ఇంటి పెద్దాయన ఇంట్లోనే ఉన్నాడు. అక్కణ్ణుంచి తాగి కారులో బయల్దేరితే యాక్సిడెంటై ఇద్దరు కుర్రాళ్ళు పోయారు. అప్పుడున్న చట్టం ప్రకారం ఆ ఇంటాయనకి పడిందల్లా రెండు సైటేషన్లు, అంటే చలాన్ల లాంటివి, ఒక్కోటి 2,500, మొత్తం 5,000 డాలర్లు. అంతే! రెండు ప్రాణాలకి. జనం ఊరుకోలేదు, 2016లో ఆ పిల్లల పేర్లతోనే అలెక్స్ అండ్ కాల్విన్స్ లా వచ్చింది, అక్టోబర్ నుంచి అమలైంది, ఇలాంటి కేసుల్లో పెద్దవాళ్ళకి మొదటిసారికే ఏడాది దాకా జైలు పెట్టారు. మా వాడు మొన్న లైసెన్స్ తీసుకున్నాడు, ఆ రోడ్డు మీదే రోజూ వెళ్తాడు.

బే_ఏరియా_బద్రి
కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళు రాష్ట్ర చట్టం ఒక్కటే చూసి ఊరుకోకండి, ఇక్కడ అసలు సంగతంతా సిటీ, కౌంటీ ఆర్డినెన్సుల్లో, అంటే వాళ్ళు సొంతంగా పెట్టుకున్న రూల్స్‌లో ఉంది. వెంచురా కౌంటీలో అయితే కౌంటీ, అందులో ఉన్న సిటీలు అన్నీ పెట్టేసుకున్నాయి. చాలా ఊళ్ళలో ఇది క్రిమినల్ కేసు కూడా కాదు, సివిల్ ఫైన్ వేసి బిల్లు పంపుతారు, పోలీసులు ఫైర్ ఇంజిన్ వచ్చినందుకు అయిన ఖర్చు కూడా మీ దగ్గరే వసూలు చేసే ఊళ్ళున్నాయి. ఇంకో తేడా ఏంటంటే కొన్నిచోట్ల "తెలుసు" అని నిరూపించక్కర్లేదు, తెలుసుకుని ఉండాల్సింది అంటే చాలు. ఇరవైమంది పిల్లలు మీ బ్యాక్‌యార్డ్‌లో అర్ధరాత్రి దాకా గోల చేస్తుంటే నాకు తెలీదండీ నేను పడుకున్నాను అంటే ఆ ఊళ్ళలో కుదరదు. అందుకే మీ సిటీ వెబ్‌సైట్లో మున్సిపల్ కోడ్ తెరిచి సోషల్ హోస్ట్ అని కొట్టి చూడండి, పక్క సిటీలో ఉన్న మీ బావమరిదిని అడిగితే లాభం లేదు, వీధి దాటితే రూల్ మారిపోతుంది.

ఎడిసన్_రావు
ఊరూరికీ మారుతుందన్నది కరెక్ట్ బద్రి గారూ. మా న్యూజెర్సీలో 2000లో వచ్చిన చట్టంతో టౌన్లు ఆర్డినెన్స్ పెట్టుకోవచ్చు, కానీ అది ప్రైవేట్ ఇంట్లో తాగిన పిల్లాడి గురించి. ఇల్లిచ్చిన పెద్దవాళ్ళ సంగతి రాష్ట్ర క్రిమినల్ కోడ్ చూసుకుంటుంది, ఆరునెలల దాకా జైలు, వెయ్యి డాలర్లు. ఇంకోటి, 1984లోనే మా సుప్రీంకోర్టు కెలీ వర్సెస్ గ్విన్నెల్ అని, పెద్దవాడైన అతిథికైనా సరే బాగా ఎక్కిందని తెలిసీ పోసి, వాడు డ్రైవ్ చేస్తాడని తెలిసీ పంపిస్తే, గుద్దిన దానికి హోస్ట్ కూడా బాధ్యుడే అంది. కాబట్టి "ఇంకొక్కటి వేసుకోవయ్యా, ఒక్కటేగా" అని గ్లాసు నింపే మన అన్నయ్యలందరూ ఇది గుర్తుపెట్టుకోవాలి, పిల్లల గొడవ తర్వాత.

పాలకొల్లు_పిల్లోడు
ఆయ్, మరి విస్కాన్సిన్ సంగతి ఎవరూ చెప్పరేంటండీ, అక్కడ అమ్మానాన్న పక్కనుంటే బార్లోనే పోస్తారంట పిల్లలకి. నేను మిల్వాకీలో చదివేను, కళ్ళారా చూసేను.

బే_ఏరియా_బద్రి
నిజమే, కానీ అక్కడా సొంత పేరెంటే. అక్కడ ఇంకో తమాషా జరిగింది, ఫాన్ డు లాక్ కౌంటీ వాళ్ళు పెట్టుకున్న సోషల్ హోస్ట్ ఆర్డినెన్స్‌ని 2016లో అప్పీల్స్ కోర్టు చెల్లదు పొమ్మంది, రాష్ట్ర చట్టానికి పొసగట్లేదని. తర్వాత లెజిస్లేచర్ రాష్ట్రం మొత్తానికీ వర్తించేలా రాసేసింది. అంటే కౌంటీకి లేని బలం రాష్ట్రం తెచ్చిపెట్టింది.

హెచ్‌వన్_హనుమ
ఫైన్ 500 అని చూసి ఓస్ ఇంతేనా అనుకునేవాళ్ళకి ఒక మాట. మనలో చాలామంది హెచ్ వన్ మీదో, గ్రీన్ కార్డ్ క్యూలోనో ఉన్నాం. ఐ-485లో (గ్రీన్ కార్డ్ ఫారం), ఎన్-400లో (సిటిజన్‌షిప్ ఫారం) ఎప్పుడైనా అరెస్ట్ చేశారా, సైటేషన్ ఇచ్చారా, చార్జ్ చేశారా అని అడుగుతారు, కేసు కొట్టేసినా సరే కోర్టు కాగితాలు తెచ్చివ్వాలి. స్టాంపింగ్‌కి వెళ్తే వీసా ఫారం డీఎస్-160లో అరెస్ట్, కన్విక్షన్ ప్రశ్న ఉంది. ఒక్క మిస్‌డిమీనర్‌తో ఇండియా పంపించేస్తారని నేను అనట్లేదు, అది కేసుని బట్టి, లాయర్‌ని బట్టి. కానీ పన్నెండేళ్ళుగా క్యూలో నిలబడి, చివర్లో పక్కింటి కుర్రాడు తాగిన స్మిర్నాఫ్ గురించి ఆఫీసర్‌కి వివరణ రాసుకోవడం ఎందుకండీ. సిటీ వాళ్ళ సివిల్ ఫైన్ అయినా సరే, ఫారం నింపేముందు ఇమిగ్రేషన్ లాయర్‌కి చూపించండి, అది చిన్నదా పెద్దదా అని మీరే తేల్చేసి నో కొట్టేయొద్దు. నో కొట్టి దొరికితే అసలు తప్పు కంటే అదే పెద్దదవుతుంది.

డల్లాస్_బాబాయ్
సరే సరే, చట్టాలు ఒప్పుకున్నా. కానీ ఒక్కటి చెప్పండి, ఇంట్లో కొద్దికొద్దిగా అలవాటు చేస్తే కాలేజీకెళ్ళాక ఒక్కసారిగా మీద పడరు కదా? ఫ్రాన్స్‌లో ఇటలీలో అలాగే పెంచుతారంటారు. మా నాన్నగారు మాకు ఏదీ దాచలేదు, మేం ముగ్గురం చెడిపోయామా?

గుంటూరు_డాక్టరమ్మ
బాబాయ్ గారూ మీరు చెడిపోలేదు, సంతోషం. కానీ ఇది ఎవరో కొలిచి చూశారు. ఆస్ట్రేలియాలో 1,900 పైచిలుకు పిల్లల్ని, వాళ్ళ తల్లిదండ్రుల్ని ఆరేళ్ళపాటు ఏటేటా అడుగుతూ వెళ్ళారు, 2018లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్‌లో వచ్చింది. అమ్మానాన్న చేతుల మీదుగా మందు అందిన పిల్లలు తర్వాత తక్కువ తాగినట్టు ఎక్కడా కనపడలేదు, ఒకేసారి ఎక్కువ తాగడం, దానివల్ల వచ్చే ఇబ్బందులు ఎక్కువే కనపడ్డాయి, పైగా వాళ్ళు బయటి నుంచి తెచ్చుకోవడం కూడా పెరిగింది. ఇంట్లో ఇస్తే బయట మానేస్తారు అన్న మాటకి అక్కడ ఆధారం దొరకలేదు.

నేను ఎమర్జెన్సీలో పనిచేస్తాను, ఇంకో ముఖ్యమైన విషయం చెప్పాలి. పిల్లల్లో ఎవరైనా పిలిచినా లేవకుండా పడిపోతే, ఊపిరి ఆగి ఆగి తీస్తుంటే, వాంతి చేసుకుంటూ స్పృహ లేకుండా ఉంటే, కేసులు పరువు ఏవీ ఆలోచించకుండా 911 చేయండి. వెల్లకిలా కాకుండా పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నిమ్మకాయ నీళ్ళు, మజ్జిగ, చన్నీళ్ళ స్నానం, ఇవేవీ వద్దు. పడుకుంటే దిగిపోతుందిలే అని పైన గదిలో పెట్టి తలుపేసి వచ్చారంటే, పడుకున్నాక కూడా కడుపులో ఉన్నది రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. సాయం కోసం ఫోన్ చేసిన పిల్లల మీద తాగిన కేసు పెట్టకుండా చాలా రాష్ట్రాల్లో రక్షణ ఉంది, టెక్సాస్‌లో న్యూజెర్సీలో ఉంది. మీ పిల్లలకి ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి, భయపడి ఫోన్ చేయకపోవడం వల్లే ప్రమాదం ముంచుకొస్తోంది.

ప్లెయిన్‌ఫీల్డ్_చిన్నోడు
హాయ్ ఆంటీ అంకుల్స్, నేను ఇక్కడే పుట్టాను, కాలేజ్ సెకండ్ ఇయర్, మా అమ్మ ఈ లింక్ పంపి చదవమంది. తెలుగు వాయిస్ టైపింగ్, తప్పులుంటే సారీ. నిజం చెప్పాలంటే బేస్‌మెంట్‌లో మీరు వెతికే చోట ఏమీ దొరకదు. వోడ్కా స్టాన్లీ కప్పులో వస్తది, అది వాటర్ అనుకుంటారు మీరు. వైట్ క్లా అని ఆల్కహాల్ ఉన్న డ్రింక్, దాని క్యాన్ దూరం నుంచి చూస్తే సోడా క్యాన్ లాగే ఉంటది. ఇంకా చాలాసార్లు బయట నుంచి తేవాల్సిన పని కూడా లేదు, గరాజ్‌లో అంకుల్స్ కోసం ఐస్ బాక్స్‌లో బీర్లు పెడతారు కదా, దాని పక్కనే పిల్లల జ్యూస్ కాప్రిసన్ పెడతారు, ఎవరు ఏది తీసుకున్నారో ఎవరు చూస్తున్నారు? అంకుల్స్ నాలుగో పెగ్ తర్వాత లెక్క మర్చిపోతారు. ఇంకోటి, ఎవరో ఒకరు స్నాప్‌లో స్టోరీ పెడతారు, మీరు పిలిచింది పదిహేను మందినైతే నలభై మంది వస్తారు.

ఎడిసన్_రావు
హహ్హహ్హ నాలుగో పెగ్గు మాట మీద ఇక్కడ చాలామంది సైలెంట్ అయిపోయారు చూడండి.

సిరి_న్యూజెర్సీ
ఆ అబ్బాయి చెప్పింది అక్షరాలా నిజం. మన హాఫ్ శారీ ఫంక్షన్లకి, గృహప్రవేశాలకి సత్యనారాయణ వ్రతం పొద్దున్నే, సాయంత్రానికి గరాజ్‌లో దుకాణం. పిల్లల తాగుడు చట్టం గురించి మాట్లాడుకుంటున్నాం సరే, అసలు రోగం మొహమాటం. పక్కింటి పిల్లాడి చేతిలో బీరు క్యాన్ చూస్తాం, చూసి కూడా "వాళ్ళమ్మకి చెప్తే ఏమనుకుంటుందో, మన పిల్లాడిని కూడా కలిపి అంటుందేమో" అని మొహం తిప్పుకుంటాం. వాళ్ళ నాన్న అక్కడే ఉంటే ఇంక అసలే మాట్లాడం. ఫంక్షన్‌కి పిలిచిన వాళ్ళని నొప్పించకూడదని మనకి చిన్నప్పటినుంచీ నేర్పారు, ఇక్కడి చట్టమేమో నొప్పించు, గ్లాసు లాక్కో, లేకపోతే నీదే బాధ్యత అంటోంది. నాకైతే ఈ విషయంలో చట్టమే నచ్చింది. "మా ఇంట్లో కుదరదు వదినా, లాయర్ వద్దన్నాడు" అనే సాకు దొరికింది, ఇప్పుడు ఎవరూ బాధపడరు, అందరూ లాయర్‌నే తిట్టుకుంటారు.

పాలకొల్లు_పిల్లోడు
ఇన్సూరెన్స్ ఉంటది కదండీ, హోమ్ ఓనర్స్ పాలసీలో లయబిలిటీ అని. దావా వేస్తే వాళ్ళే చూసుకుంటారు కదా.

హెచ్‌వన్_హనుమ
మామూలు పాలసీల్లో లయబిలిటీ లక్ష నుంచి మూడు లక్షల డాలర్ల దాకా ఉంటుంది, ప్రాణం పోయిన కేసులో అది ఏ మూలకి. కావాలని చేసినవి, నేరం కిందకొచ్చేవి కవర్ చేయమని చాలా పాలసీల్లో మినహాయింపులు రాసి ఉంటాయి, పైన అదనపు కవరేజీ ఇచ్చే అంబ్రెల్లా పాలసీ తీసుకున్నా దాని మినహాయింపులు దానికుంటాయి. క్రిమినల్ ఫైన్ మాత్రం ఏ ఇన్సూరెన్స్ వాడూ కట్టడు, జైలుకి వాడు వెళ్ళడు.

కూకట్‌పల్లి_కిట్టు
అమెరికాలో లేనుగానీ చదువుతున్నా. మన దగ్గర లేదనుకోకండి, జువెనైల్ జస్టిస్ చట్టం 2015, సెక్షన్ 77, 18 ఏళ్ళలోపు పిల్లలకి మందు ఇస్తే ఏడేళ్ళ దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా. మీ దానికన్నా ఎక్కువే. మైనర్ బండి నడిపితే తండ్రికి మూడేళ్ళ దాకా జైలు అని 2019లో మోటారు వాహనాల చట్టంలో పెట్టారు. పుస్తకంలో అన్నీ ఉన్నాయి బ్రో, ఫామ్‌హౌస్ గేటు దాటి లోపలికి వచ్చి అమలు చేసేవాడే కావాలి.

నేపర్విల్_లక్ష్మి
అందరికీ చాలా థాంక్స్ అండీ. గ్రూపులో పెట్టేశాను, "మా ఇంట్లో పిల్లలకి మందు ఉండదు, తెస్తే పేరెంట్‌కి ఫోన్ చేస్తాం, బ్యాగులు వాటర్ బాటిళ్ళు ముందు గదిలోనే పెట్టి కిందకి దిగాలి, మంచినీళ్ళు మేమే ఇస్తాం, పిలిచినవాళ్ళ పేర్లు మాత్రమే, పదకొండుకి అయిపోతుంది" అని. పెద్దవాళ్ళకి కూడా ఆ రోజు మందు లేదని రాసేసరికి మా ఆయన ఫ్రెండ్స్ ఇద్దరు అప్పుడే వేరే ప్రోగ్రాం ఉందన్నారు 😀 ఆ మొదటావిడ మాత్రం నాతో మాట్లాడట్లేదు. ఇద్దరు తల్లులు విడిగా మెసేజ్ పెట్టారు, మేమూ ఇదే అనుకున్నాం, ముందు అనడానికి మొహమాటపడ్డాం అని.

వరంగల్_టు_అరోరా
మంచిగ చేసిండ్రక్కా. గరాజ్ ఫ్రిజ్ కూడ ఒకసారి చూస్కోండ్రి, మనం మర్చిపోయిన సీసాలు ఆడనే ఉంటయి.

షాంబర్గ్_శైలు
లేటుగా వచ్చాను, ఒక డౌట్. మేం జూలైలో ఇండియా వెళ్తున్నాం, మా పెద్దవాడు 20, ఇంటర్న్‌షిప్ ఉందని ఇంట్లో ఒక్కడే ఉంటాడు. మేం లేనప్పుడు వాడు పార్టీ పెడితే మాకేమైనా అవుతుందా?

బే_ఏరియా_బద్రి
మీ ఇల్లినాయ్ చట్టంలో మీకు తెలిసి ఒప్పుకున్నారా అనేది ముఖ్యం కాబట్టి, నిజంగా తెలియకపోతే మీ మీద క్రిమినల్ కేసు నిలబడటం కష్టం. కానీ మీ ఊరి ఆర్డినెన్స్ వేరేగా ఉండొచ్చు, అది చూసుకోండి. ఇంకోటి, 20 ఏళ్ళవాడు చట్టం దృష్టిలో పెద్దవాడే, హోస్ట్ వాడే అవుతాడు, కేసు వాడి పేరు మీదే రావచ్చు. ఇక్కడ కాలిఫోర్నియాలో అమ్మానాన్నల ఖాళీ అద్దె ఇంట్లో 20 ఏళ్ళ అమ్మాయి పార్టీ పెట్టి, తెలియని వాళ్ళ దగ్గర గుమ్మం దగ్గర మూడో ఐదో డాలర్లు వసూలు చేసింది, అక్కడ తాగినవాడు బయటికెళ్ళి ఒక కుర్రాడిని గుద్ది చంపేశాడు. డబ్బు తీసుకుంది కాబట్టి ఆమెని మందు అమ్మినట్టే లెక్కేసి దావా నడపొచ్చని 2014లో మా సుప్రీంకోర్టు చెప్పింది. మీ వాడికి ఇది చెప్పండి, పిజ్జాకి అందరం తలో ఐదు వేసుకుందాం అనే అలవాటు ఉంటుంది వీళ్ళకి.

సిరి_న్యూజెర్సీ
శైలు గారూ, మీ ఆయన బార్ క్యాబినెట్‌కి తాళం వేసి తాళం మీతో తీసుకెళ్ళండి. పక్కింటివాళ్ళకి మీ వాట్సాప్ నంబర్ ఇవ్వండి, రింగ్ కెమెరా నోటిఫికేషన్లు ఆన్ చేసుకోండి, ఇక్కడ రాత్రి అంటే మీకక్కడ పొద్దున కాఫీ టైమే కదా.